చేతులు చూపించండి

“నాలుగు ప్లగ్గులూ, వాటి వైర్లూ కొత్తవి వేశాను మేడమ్. అయినా కుదుపు ఆగట్లేదంటే ఇంజన్ పోయినట్టే” అన్నాడు మీసాల మెకానిక్, కారు బానెట్ ధబీమని మూస్తూ.

“ఏవీ, ఒకసారి మీ చేతులు చూపించండి” అంది ఆమె.

అతను అయోమయంగా అరచేతులు చాచాడు. నల్లటి గ్రీజు తప్ప మరేం లేదు.

“పొద్దున్నే ప్లగ్గుల మీద తొడిగే ఆ వైర్ల టోపీలన్నిటికీ వెనకవైపు నా లిప్‌స్టిక్ పులిమి పెట్టాను. వాటిని ఊడదీసినవాళ్ళ వేళ్ళు ఎర్రబడి తీరాలి. మీ వేళ్ళకి ఎరుపేది?”

ఆమె తనే బానెట్ ఎత్తి చూపించింది. పాత వైర్లు, పాత టోపీలు, వాటి వెనక ఎర్రగా ఆమె లిప్‌స్టిక్. వెనక సీట్లోంచి అత్తగారు చప్పట్లు కొట్టింది. అంతసేపూ చేతులు తిప్పుతూ మాట్లాడుతున్న భర్త మాత్రం ఎందుకో చేతులు కట్టుకున్నాడు.

“సర్వీసింగుకి మంచి మెకానిక్ కావాలని పొద్దున్నుంచీ తిరిగితే, వీడితో ముగ్గురయ్యారు. ఇంక నమ్మకమైన మెకానిక్ మనకి దొరికినట్టే! సాయంత్రం కారు బేరానికి మనిషొస్తున్నాడు. ఇచ్చేసి చేతులు దులుపుకుందాం” అన్నాడు.

“ఆ మెకానిక్కుల సంగతి సరే, మీరొక్కసారైనా బానెట్ ఎత్తి చూశారా?”

“నాకది ఎలా తెరవాలో కూడా తెలీదు.”

ఆ పాత కారంటే ఆమెకి ప్రాణం. డ్రైవింగ్ నేర్చుకున్నది దాంట్లోనే. అత్తగారి మోకాళ్ళ డాక్టరు దగ్గరికైనా, తన ఉద్యోగానికైనా ఎవరినీ బతిమాలకుండా వెళ్ళొస్తోందంటే దాని చలవే. భర్తగారి మనసు మాత్రం మోటార్ సైకిల్ మీద పడింది. ఫోన్ తెర మీదున్న అమ్మ ఫొటో తీసేసి మరీ దాని బొమ్మ పెట్టుకున్నాడు. మోటార్ సైకిల్ ఎక్కే మోకాళ్ళా అత్తగారివి!

“సాయంత్రం దాకా టైముందిగా. ఇంకొకణ్ణి చూద్దాం పదవే అమ్మాయ్” అంది అత్తగారు.

కారు కుదుపుకుంటూ, దగ్గుకుంటూ బయల్దేరింది. దారి పొడుగునా భర్త పక్క సీట్లో కట్టుకున్న చేతులు విప్పలేదు. సందు చివర బోర్డు కూడా లేని చిన్న షెడ్డు కనబడితే ఆమె అక్కడ ఆపింది.

లోపల్నించి బట్టతల మెకానిక్ వచ్చాడు. ఇంజన్ చప్పుడు చెవి ఒగ్గి విన్నాడు. “ఆపండమ్మా” అన్నాడు. బానెట్ ఎత్తి, లోపల చెయ్యి పెట్టి ఏదో నొక్కాడు. “ఇప్పుడు స్టార్ట్ చెయ్యండి.”

కారు కుదుపు లేకుండా హాయిగా స్టార్టయింది.

“ఏం మార్చారు?” అంది ఆమె.

“ఏమీ మార్చలేదమ్మా. ఇంజన్ నిక్షేపంలా ఉంటే మార్చడానికేముంది? ఒక వైరు టోపీ పైకి తెలీకుండా ప్లగ్గు నుంచి ఊడింది, మళ్ళీ తగిలించాను. అది సరేగానీ, ఈ ఎర్రటి జిడ్డేంటమ్మా?” అంటూ అడక్కుండానే తన వేళ్ళు చూపించాడు.

ఆమెకి ఎగిరి గంతేయాలనిపించింది. “దొరికాడు అత్తయ్యా, దొరికాడు!”

“ఇంకో మాటమ్మా. ఇది దానంతటది ఊడే రకం కాదు. ఎవరో పట్టుకుని లాగారు.”

“లాగారా! పొద్దున లిప్‌స్టిక్ పులిమాక స్టార్ట్ చేసి చూస్తే బాగానే ఉందే! మేం తయారై వచ్చేలోపే...”

“అవన్నీ ఇప్పుడెందుకు? బాగైందిగా, పదండి పదండి” అని తొందరపెట్టాడు భర్త.

“ఉండరా. ఆ మహానుభావుణ్ణి నేనూ దగ్గర్నుంచి చూడాలి. చెయ్యి ఇవ్వు, దిగుతాను” అంది అత్తగారు.

అతను కిందికి దిగొచ్చి, వెనక తలుపు తీసి, ఎడమ చెయ్యి అందించాడు.

“ఒంటి చేత్తో నన్ను లేపుతావా? రెండూ ఇయ్యరా!”

ఇక తప్పలేదు. కుడి చెయ్యి కూడా చాచాడు. దాన్ని పట్టుకుని లేవబోయిన అత్తగారు సగంలోనే ఆగిపోయింది. కొడుకు తెల్లచొక్కా ముంజేతి అంచుకి ఎర్రగా లిప్‌స్టిక్ మరక. దాన్ని చూసింది, కొడుకు మొహం చూసింది, కోడలికి చూపించింది. పట్టుకున్న చెయ్యి వదిలేసి, మళ్ళీ సీట్లో దర్జాగా కూర్చుని తలుపేసుకుంది.

“అమ్మాయ్, మంచి మెకానిక్కూ దొరికాడు, వైరు లాగినవాడూ దొరికాడు. నువ్వు బండి పోనియ్, వీడు నడిచొస్తాడు!”