తాళం లేని గదిలో చిలుక

డ్యూటీ దిగి వచ్చిన బక్కయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు.

లక్ష్మీరాజం చొక్కా తగిలించుకునే మేకుకు పంజరం వేలాడుతోంది. చొక్కా మంచం మీద పడి ఉంది. పంజరంలో ఒక మూలకు నక్కి, లేత పచ్చగా, చిలుక పిల్ల.

పని కోసం వలస వచ్చిన భేస్తాన్‌లోని ఆ గదికి మంచం ఒక్కటే, మనుషులు ఇద్దరు. బక్కయ్య పగలు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. లక్ష్మీరాజం రాత్రి నడుపుతాడు. ఒకరు లేచి వెళ్లిన కాసేపటికే ఇంకొకరు వచ్చి అదే మంచం మీద నడుం వాలుస్తారు. ఎవరో ఒకరు ఉండనే ఉంటారు కాబట్టి నాలుగేళ్లుగా ఆ గదికి తాళమే లేదు.

మూడు నెలలుగా ఇద్దరి మధ్య మాటలు కూడా లేవు. దిండుకు బక్కయ్య తలనూనె అంటిందని గొడవైంది. ఆ రోజుతో దిండ్లు రెండయ్యాయి. వారానికోసారి కరెంటు సెలవు రోజున సాంచాలు బంద్ ఉంటే, ఒకరు గదిలో, ఒకరు డాబా మీద. చెప్పుకోవాల్సింది ఏమైనా ఉంటే, కింద మెస్సు నడిపే బాలవ్వ అన్నం డబ్బాలతో పాటు మోసుకొచ్చి చెబుతుంది.

"సూసినవా బాలవ్వా, గాయన షోకు!" డబ్బా తెచ్చిన బాలవ్వతో బక్కయ్య గట్టిగా అన్నాడు. ఇరవై ఏళ్లుగా సాంచాల మోతలో అరిచి అరిచి, ఆయన మామూలు మాటే అంత. "మనుషులకే జాగ లేదు, గిప్పుడు పిట్టొకటి!"

చిలుక టపటపా రెక్కలు కొట్టుకుని ఊచలకు గుద్దుకుంది.

"మెల్లగనే, బక్కన్నా! పసిది. ఇయ్యాల్నే అచ్చింది. గట్ల ఒర్రితే గుండె పగిలి సస్తది."

బక్కయ్య నోరు మూసుకున్నాడు. చిలుక ఎవరిదైతేనేం, తన అరుపుకు చస్తే ఆ పాపం తనదే కదా.

రెండు రోజులు అది ఏమీ ముట్టలేదు. నానబెట్టిన శనగలు గిన్నెలో అలాగే ఉండిపోయాయి.

"దానికెల్లి సూటిగ సూడకు. చెయ్యి లోపట పెట్టకు. అదే మెల్లమెల్లగ అలవాటైతది" అంది బాలవ్వ.

బక్కయ్య చిలుకకు వీపు పెట్టి కూర్చున్నాడు. గడ్డం గీసుకునే అద్దం ఎదురుగా పెట్టుకుని, అందులో దాన్ని చూస్తూ అన్నం తిన్నాడు.

మూడో రోజు కార్ఖానా నుంచి పనికిరాని చీర ముక్క తెచ్చి, గాలి కొట్టకుండా పంజరానికి ఒక పక్కన కట్టాడు. మర్నాడు వచ్చేసరికి రెండో పక్కన ఇంకో ముక్క ఉంది. జరీ అంచుది.

"అబ్బో! పోటీకి అచ్చిండు" అన్నాడు బక్కయ్య, గొంతు తగ్గించి.

బాలవ్వ నవ్వి డబ్బా మూత తీసింది.

ఐదో రోజు పచ్చిమిరపకాయ ఒకటి ఊచల మధ్య పెట్టి గోడ వైపు తిరిగాడు. చాలాసేపటికి కరకరమని చప్పుడైంది. అద్దంలో చూశాడు. ఒంటికాలితో మిరపకాయ పట్టుకుని, తల ఒక పక్కకు వంచి, పెళ్లి భోజనానికి వచ్చిన పెద్దమనిషిలా తింటోంది. బక్కయ్య కాలు తిమ్మిరెక్కింది. అయినా కదల్లేదు.

"గొంతు పోయిందా ఏంది, బక్కన్నా?" అని కార్ఖానాలో అడగసాగారు.

ఒకనాడు గిన్నెలో జామకాయ ముక్కలు కనబడ్డాయి. బక్కయ్య మొహం మాడిపోయింది. మర్నాడు మక్కకంకి తెచ్చాడు. పదో రోజున చిలుక ఆయన వేళ్ల నుంచి గింజ అందుకుంది.

ఆ పూటే బాలవ్వ కబురు తెచ్చింది.

"లక్ష్మీరాజం వడోద్‌ల వేరే కిరాయి ఖోలీ సూస్కున్నడట. ఎల్లుండి కరెంటు సెలవు గద, సామాను తీస్కపోతడట."

బక్కయ్య చేతిలో ముద్ద ఆగింది. "మరి చిలుక?"

"ఎవలది ఆళ్లు తీస్కపోతరు గద."

ఆ పూట డబ్బా సగం అలాగే తిరిగి వెళ్లింది.

సెలవు రోజున బక్కయ్య డాబా మీదికి వెళ్లలేదు. లక్ష్మీరాజం మూట కడుతున్నాడు. ఇద్దరి నడుమా చిలుక తీరిగ్గా మక్కగింజ వలుచుకుంటోంది.

"రాజం" అన్నాడు బక్కయ్య. మూడు నెలల తర్వాత మొదటి మాట. చిలుక బెదరకుండా, గుసగుసగా. "తలకు నూనె బంద్ జేసిన. పది దినాలాయె."

"ఎరికే. దిండుకు వాసన లేదు." లక్ష్మీరాజం కూడా గుసగుసగానే అన్నాడు.

"నా దిండు నువ్వెందుకు సూసినవ్?"

"ఊకెనే."

బక్కయ్య పంజరం పక్కకు జరిగాడు. "నువ్వు యాడికన్న పో తమ్మీ. చిలుకను మాత్రం ఈడ ఇడిసిపో. నీకు దండం పెడ్త."

ముడి వేస్తున్న చేతులు ఆగాయి. లక్ష్మీరాజం తలెత్తాడు.

"గదేందన్నా? నీ చిలుకను నాకియ్యరాదె అని నేనే అడుగుదామనుకుంటున్న. రెండు దినాల సంది నోరే అస్తలేదు."

"నా చిలుకనా?"

"మరెవలది? పొద్దుగాల అచ్చి సూస్తే నా చొక్కా మూలకు, మేకుకు నీ పంజరం. నా మీద కోపంతోటే తగిలేసినవనుకున్న."

ఇద్దరూ మేకు వైపు చూశారు.

డబ్బాలతో అప్పుడే వచ్చిన బాలవ్వ, పంజరంలో గిన్నె తీసి నీళ్లు నింపుతూ మెల్లగా అంది: "ఒంటిగ ఇడిస్తె పసిది బతకదన్నరు, నేను మెస్సుకు అస్తే నా ఇంటికేమో దినమంత తాళమేనాయె, గందుకే మీ దగ్గర తగిలేసిన, ఇగ నువ్వు పోతె నా చిలుకకు పగటి పూట తోడెవలు, రాజం?"