కనకపట్నం వారసులు

బంగారు గోడల ఊళ్లో వంట ఎవరు చేసేవారన్న సందేహం భానుమూర్తిని చిన్నప్పటినుంచీ వదల్లేదు. సముద్రంలో మునిగిన కనకపట్నపు రాజులే తమ పూర్వీకులని ఆయన ఉండే భీమిలి అపార్ట్‌మెంట్లో అందరికీ మహా గొప్ప. దానికో వారసుల సంఘం, ఏటా ఊరేగింపు.

ఇంతలో ఇంటింటికీ పూర్వదర్శిని వచ్చి పడింది. పూర్వీకుల్ని చూపించే ఆ పెట్టె, కనకపట్నం మునిగిందన్న చోట సముద్రం అడుగు మట్టిని చదివి, ఆకుల గుడిసెల్నీ, నత్తగుల్లల కుప్పల్నీ, మీదికొచ్చే నీళ్లకి జడిసి బిడ్డల్ని చంకనేసుకుని పరుగెత్తే జనాన్నీ గోడమీద చూపించింది. సంఘంవాళ్లు సిగ్గుపడి, కిరీటాలు చూపించే పెట్టెలు తెప్పించుకున్నారు.

అమావాస్యనాడు భానుమూర్తి ఆ జనానికి తర్పణం విడవబోతుంటే సంఘాధ్యక్షుడు పట్టాభి తలుపు తోసుకొచ్చాడు.

"నత్తలు తిన్నోళ్లకి తర్పణాలేటండీ! సంఘంలోంచి మీ పేరు కొట్టేస్తాం. రేపట్నుంచి మీ గడప ఎవరూ తొక్కరు."

"కొట్టేయండి బాబూ. మీ కిరీటాలకి దాహం వేస్తుందేటి?"

పట్టాభి విసురుగా వెళ్లిపోయాడు.

"గోత్రం ఏటని చెబుతారు?" అంది భార్య వరూధిని మెల్లగా.

"తెలియనివాళ్లందరిదీ కాశ్యప గోత్రమే కదటే."

ఆయన దక్షిణానికి తిరిగి కూర్చుని మూడుసార్లు నువ్వులనీళ్లు విడిచాడు. వేల ఏళ్లుగా ఏ వారసుడూ తీర్చని గుక్కెడు నీళ్ల బాకీ ఆ పూట తీరింది.