కలం పట్టే హక్కు

ఆ రెండు వరుసలు రాసింది ఎవరు?

హన్మంత్‌రెడ్డి పన్నెండేళ్లుగా మోస్తున్న అనుమానం అది. ఇప్పుడు, తను అనుమానించిన మనిషే వచ్చి ఎదురుగా అరుగు మీద కూర్చొని చెప్పులు విడుస్తున్నాడు.

“ఏంది బావా, కాళ్లు కడుక్కోమని గూడ అనవా? పాపం అంటుకుంటదా?” అన్నాడు జైపాల్.

లోపలి నుంచి హన్మంత్ భార్య అహల్య చెంబుతో నీళ్లు తెచ్చింది. “కడుక్కో అన్నా. మీ బావకు మనుషులతోని మాట మరుపైంది. దేవునితోని తప్ప ఎవరితోని మాట్లాడుతున్నడు?”

హన్మంత్ కసురుకోబోయి ఊరుకున్నాడు. అబద్ధమేమీ కాదు.

నెల్లికుదురు పక్కనున్న ఆ ఊరి భజన మండలికి ఒకటే పుస్తకం. తాతల నాటి పాటలన్నీ అందులోనే. దాన్ని పెట్టే ఇనుప పెట్టె హన్మంత్ ఇంట్లో, దేవుడి గదిలో ఉంటుంది. శుక్రవారం పెట్టె తెరిచి పుస్తకానికి ఇంటి ఆడవాళ్ల చేతి పసుపు కుంకుమ, సాంబ్రాణి పొగ. శనివారం రాత్రి గుడిలో భజన. కట్టుబాటు హన్మంత్ తండ్రి పెట్టింది. పాట ఎవరైనా పాడొచ్చు. పుస్తకం ముట్టుకొని చదవాల్సింది నలుగురే. అందులో కలం పెట్టాల్సింది ఇద్దరే, హన్మంత్, జైపాల్. అది కూడా, ఒకరు కొత్త మాట చేర్చాలంటే రెండోవారు విని ఒప్పుకోవాలి.

తెలంగాణ లొల్లి జరిగిన ఏడు, బళ్లు మూతబడి రైళ్లు ఆగిన రోజుల్లో, ఒక శనివారం పుస్తకం తెరిస్తే గుట్ట పాట కింద కొత్త రాత కనబడింది. స్వామి ఇల్లు విడిచి గుట్టెక్కే పాట అది. ఊళ్లోనే పుట్టిన పాట. ఆ కొత్త రాతలో, ఇంట్లో మిగిలిపోయిన అమ్మవారు అంటున్నది:

గుట్టెక్కినవు సామి, గుడి నిండ భక్తులు
గడప కాడి దీపానికి గాలి ఒక్కటే తోడు

ఎవరు రాశారో అడగడానికని హన్మంత్ పైకి చదివాడు. విన్నవాళ్లు తాళాలు ఒళ్లో పెట్టుకొని కూర్చుండిపోయారు. హన్మంత్ మాత్రం ఆ వరుసల మీద అడ్డంగా గీత కొట్టాడు. నలుగురి చేతా పలక మీద రాయించి చూశాడు. ఎవరి రాతా కలవలేదు. “ఎడమచేత్తో రాసినవు” అని జైపాల్‌ను పట్టుకున్నాడు. జైపాల్ స్వామి పటం ముట్టి ఒట్టేశాడు. అయినా నమ్మలేదు, అందరి ముందు అతని చేతిలో కలం లాక్కున్నాడు.

జైపాల్ మళ్లీ ఈ గడప తొక్కలేదు. అతని వెనక ఒక్కొక్కరే భజన మానుకున్నారు. ఇప్పుడు శనివారాలు గుడిలో హన్మంత్ ఒక్కడే పాడుకొని, తనే హారతి ఇచ్చి, తనే కళ్లకద్దుకొని ఇంటికి వస్తున్నాడు. స్వామి చుట్టూ ఇన్ని తలుపులు, ఇన్ని తాళాలు ఎందుకు, ఆయన అడిగాడా అని దారిలో ఒక్కోసారి అనిపిస్తుంది. పైకి ఎవరితోనూ అనలేదు. అనడానికి ఎవరున్నారు?

“భూమి అమ్మేసిన బావా,” అన్నాడు జైపాల్ తువ్వాలతో కాళ్లు తుడుచుకుంటూ. “అల్లుడు చిట్యాలల వడ్ల మిల్లు పెట్టిండు. ఎల్లుండి పోతున్న. మళ్ల ఈ దిక్కు వచ్చేది లేదు. ఒక్కటి అడిగి పోదామని వచ్చిన. ఇంక నన్నే అనుకుంటున్నవా?”

హన్మంత్ గొంతు సవరించుకున్నాడు. “నేనే రాసిన అని ఒక్క మాట అను. కలం నీకే ఇస్త. నువ్వు పోకుంటివా, భజనకు మళ్ల పదిమంది వస్తరు.”

“నేను రాయలేదు గదనే.”

“ఉత్త మాటనే గదా! దానికేం పోతది?”

“గది ఎవరి కడుపులకెల్లి వచ్చిన మాటనో! నాదంటే దొంగతనం గాదా? ఊకె దొంగ అనిపించుకున్న, ఇప్పుడు నిజంగనే దొంగను గావాల్నా?”

హన్మంత్ తల దించుకున్నాడు. తిరిగి రమ్మని పిలిచినా అబద్ధమాడని మనిషి, ఆనాడు స్వామి పటం ముట్టి ఆడతాడా?

జైపాల్ నవ్వి, తలుపు దగ్గరున్న అహల్య వైపు తిరిగాడు. “నువ్వు చెప్పు చెల్లే, చదువుకున్నదానివి.”

“నాలుగో తరగతి చదువుకు ఏం తెలుస్తదన్నా,” అంది అహల్య. “కాని మీ బావ గీత కొట్టిండే గాని, మాట బాగలేదని మాత్రం ఇంతవరకు అనలే.”

“బాగున్నది! అందుకే గదా మంట!” హన్మంత్ గొంతు ఉన్నట్టుండి పైకి లేచింది. వెంటనే తగ్గింది. “ఇన్నేండ్లు పాడుతున్న, నాకు రాలేదు గసుంటి మాట.”

అహల్య ద్వారబంధం పట్టుకొని అట్లాగే నిలబడింది. తర్వాత చాయ పెడతానని లోపలికి పోయింది.

హన్మంత్ లేచి దేవుడి గదిలోకి వెళ్లి, పెట్టె తెచ్చి అరుగు మీద పెట్టాడు. మొలతాడు నుంచి తాళంచెవి విప్పి జైపాల్ చేతిలో ఉంచాడు.

“నీకు బాకీ పడ్డ బావా. తియ్యి. గీత కొట్టిన కాడ గాదు, పక్కన మంచిగ రాయి. నేను ఒప్పుకుంటున్న.”

జైపాల్ తాళం తీశాడు. పుస్తకం కళ్లకద్దుకున్నాడు. పెట్టెలోని కలం అందుకున్నాడు. వరుసలు రెండూ రాశాక ఇద్దరూ కలిసి పాట మొత్తం ఒకసారి పాడారు.

“అన్ని పాటల కింద కట్టినోళ్ల పేరు ఉన్నది,” అన్నాడు జైపాల్ పేజీలు తిరగేస్తూ. “దీని కింద ఏం రాయాలె?”

“స్వామి పేరు రాయి.”

“స్వామి గుట్ట మీద ఉండె గద బావా. గిది ఇంట్ల కూసున్నోళ్ల మాట.”

అహల్య చాయ గ్లాసులు తెచ్చి ఇద్దరి మధ్య పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

“అహల్య అని రాయన్నా.”