బ్యాటు పట్టిన ఫోటో

పాండురంగ ఇండియా జట్టుకి రగ్బీ ఆడాడు. జీతం లేదు, బూట్లు కూడా సొంత ఖర్చే. ఆ ఆట వల్ల ఆయనకి మిగిలింది వంకరపోయిన ముక్కు ఒక్కటే.

మెల్‌బోర్న్ వచ్చి, ఆ ఊరి శివారు క్రాన్‌బర్న్‌లో ఇళ్ళు అమ్మే ఆఫీసు తెరిచాడు. రగ్బీ అనగానే మనవాళ్ళు "ఓహో" అని ఫోన్ చూసుకునేవారు. విసుగొచ్చి, క్రికెట్ బ్యాటు పట్టుకుని ఫోటో దిగి, కింద "భారత మాజీ ఆటగాడు" అని రాయించి గోడకి తగిలించాడు. అప్పట్నుంచి జనం క్యూ కట్టారు.

ఈ ఉదయం వెంకట్ అనే కుర్రాడు ఇంటి కాగితాల మీద సంతకం పెట్టబోతున్నాడు. దారిన పోతున్న తెల్లాయనొకడు కిటికీ అద్దంలోంచి పాండురంగ ముక్కు చూసి, గుర్తుపట్టి, లోపలికి దూసుకొచ్చాడు.

"నువ్వే కదూ! సింగపూర్ మ్యాచ్‌లో నా భుజం విరగ్గొట్టావ్! అంత గొప్ప ఆట నేను మళ్ళీ చూడలేదు," అని ఇంగ్లీషులో అరుస్తూ కావలించుకున్నాడు.

ఆ మాట ఎవరైనా అంటారేమోనని పాండురంగ ఇరవయ్యేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. కళ్ళు చెమర్చాయి.

వెంకట్ పెన్ను ఆపాడు. "మ్యాచ్‌లో షోల్డర్ బ్రేక్ చేశారా! ఎలా అంకుల్?"

పాండురంగ గోడ మీది ఫోటో వంక చూశాడు.

"నేను కొట్టిన సిక్సర్ పోయి తగిలింది, పాపం. నువ్వు సైన్ చెయ్ బాబూ."