విభూతి చేపలు

మద్రాసు మీద బాంబులు పడతాయని ఊరు వదిలిపోతున్న ఒక దొర తన గాజుతొట్టిని, అందులోని బంగారు చేపలతో సహా గంగాధరానికి ఇచ్చేశాడు. దాన్ని శ్రీకాళహస్తికి తెచ్చి నట్టింట్లో పెట్టిన కొన్నాళ్ళకే చేపల ఒంటి నిండా తెల్లచుక్కలు లేచాయి.

"ఈశ్వరుడు ఇబూది పూసినాడు, సూడండప్పా," అని గంగాధరం వీధి వీధంతటినీ పిలిచాడు. మర్నాటికి తొట్టి ముందు కర్పూరం వెలిగింది. దురద పుట్టి చేపలు గాజుకేసి ఒళ్ళు రుద్దుకుంటుంటే, ప్రదక్షిణం చేస్తున్నాయన్నాడు. మహా జ్ఞాని మరి.

"అది జబ్బు. రోంత ఉప్పు కలిపితే పోతాది," అంది భార్య చంద్రకాంతమ్మ, తలుపు చాటునుంచే.

"నువ్వు ఈడికి రావద్దు. అపచారం."

ఒక చేప వెల్లకిలా తేలింది. శివుడిలో కలిసిపోయిందని ఆ మహానుభావుడు చెంపలేసుకున్నాడు. వచ్చిన వాళ్ళూ వేసుకున్నారు.

చంద్రకాంతమ్మ గుప్పెడు కల్లుప్పుతో నట్టింట్లోకి వచ్చింది. మోచేతి దాకా చెయ్యి ముంచి నీళ్ళు కలిపింది. ఆ చేతి మీది తెల్లమచ్చలు చూసి భక్తులు వెనక్కి జరిగారు.

"చేపకొస్తే ఇబూది అంటిరి," అంది మొగుడితో. "నాకొస్తే బొల్లి అని ఇన్నేండ్లూ వెనకింట్లో దాచిపెడితిరి."