లైవ్‌లో పటం

"అమ్మా, జర గా ఫోన్ బంద్ చెయ్యి." టౌన్ ప్లానింగ్ ఆఫీసు నుంచి వచ్చిన మధుకర్ గుమ్మంలోనే పటం విప్పాడు.

ఊర్మిల ఫోన్ ముందు అమ్మే చీర పట్టుకుని నిలబడి ఉంది. "లైవ్ నడుస్తున్నది సార్. మూడువందల మంది చూస్తున్నరు. సగం మంది మా వాడకట్టోళ్లే."

"కొత్త మాస్టర్ ప్లాన్ల మీ గల్లీ నుంచి ఎనభై ఫీట్ల రోడ్డు పోతది. పటం ఆఫీసు గోడకు అతికిచ్చి నెలాయె. అభ్యంతరం ఉన్నదని ఒక్కరు రాలే. ఇయ్యాల ఆఖరు దినం, చెప్పి పోదామని వచ్చిన."

"గోడకు అతికిస్తే మాకెట్ల ఎరుక? మేం అంచు చూడకుండ చీర గూడ కొనం సార్."

చీర పక్కన పెట్టి, అతని చేతిలోని పటం అందుకుంది. రెండు కొసలూ పట్టుకుని, చీర చూపినట్టే కెమెరా ముందు పరిచింది.

"అక్కలారా, గీ ఎర్రగీత రోడ్డు. గీ పక్క మన సాంచాల షెడ్లు, మన మరమగ్గాలన్నీ గీడనే. దగ్గరికి తెస్తున్న, స్క్రీన్‌షాట్ కొట్టుండ్రి. ఎవరి ఇల్లు యాడున్నదో చూసుకోండ్రి."

కామెంట్లు వరుస కట్టాయి. 'ఊర్మిలక్కా, గది మా ఇల్లు!' 'మా షెడ్డు మొత్తం పోతది!' కోరుట్ల ఆమె ఒకతి, చీర సంగతే మరిచి, 'ఊకోకుండ్రి అక్కా' అని పెట్టింది.

మధుకర్ ముఖం చిన్నబోయింది. "గీళ్లు చీరలు కొనేటోళ్లమ్మా!"

"ఇండ్లున్నోళ్లు గూడ గీళ్లే సార్. నచ్చంది వాపసు పంపుడు గీళ్లకు మంచిగ అలవాటు."

బయట మరమగ్గాల మోత ఒక్కొక్కటే ఆగింది. చెప్పుల చప్పుడు గుమ్మం దాకా వచ్చింది.