పెసరగింజంత గూఢచారి

“బావా, నిన్న సూపర్‌వైజరు నాతో...” అంటూ బావమరిది మాట మధ్యలో ఆగిపోయాడు. కాసేపు గోడకేసి చూశాడు. తర్వాత ఏమీ జరగనట్టు టీ ఊదుకున్నాడు.

“నీతో ఏమన్నాడు?” క్రేను ఆపరేటరు కళ్లు చికిలించాడు.

“ఎవరు బావా?”

నంగనాచి వేషాలు! ఆపరేటరుకి ఒళ్లు మండింది. పెళ్లాం పోరు పడలేక ఈ కుర్రాణ్ణి రేవులో సహాయకుడిగా చేర్పించింది తను. క్రేను నడపడం నేర్పింది తను. ఏకై వచ్చినవాడు మేకై తన సీటుకే గురిపెట్టాడు. ఈమధ్య రోజూ ఇదే వరస, మాట మింగేసి మొహం పక్కకు తిప్పేస్తాడు.

దానికి తోడు కొత్తగా ఈ పెసరగింజంత యంత్రం. హెల్మెట్ లోపల అంటించుకొమ్మని కంపెనీ ప్రతి ఆపరేటరుకీ ఒకటి ఇచ్చింది. అది మెదడులో అలికిడిని పసిగట్టి, కునుకు పట్టబోతే ఆఫీసుకి చెప్పేస్తుందట.

“మంచిదేగా బావా, మన ప్రాణాలకే” అన్నాడు బావమరిది.

“నీకెందుకు మంచిది కాదూ! భోంచేశాక నాకు కళ్లు మూతపడతాయని నీకొక్కడికే తెలుసు.”

వాడు నొచ్చుకున్నాడు. అదీ నటనే అనిపించింది ఆపరేటరుకి. మర్నాడు పొద్దున్నే తన హెల్మెట్‌తో పాటు వాడిదీ శుభ్రంగా తుడిచిపెట్టాడు.

“ఎంత ప్రేమ బావా!” అని మురిసిపోయాడు వాడు.

నెల తిరక్కుండానే కంపెనీ డాక్టరు పిలిపించాడు. బావమరిదే ఏదో చాడీ మోసుంటాడనుకుంటూ వెళ్లాడు ఆపరేటరు.

“నేను కునుకు తీశానని ఎవడండీ చెప్పింది?”

“నిద్ర సంగతి కాదయ్యా. నీ మెదడు ఉన్నట్టుండి కొన్ని క్షణాలు మొద్దుబారిపోతోంది. నీకు తెలీదు. చూసేవాళ్లకి మాట మింగేసినట్టుంటుంది. మందులతో కుదురుతుంది. ఈలోగా క్రేను ఎక్కావో, నువ్వూ దక్కవు, కిందున్నవాళ్లూ దక్కరు.”

సీటు లాక్కోవడానికి ఎంత కథ అల్లారు! “నా బదులు మనిషిని కూడా చూసేసుంటారే?” అన్నాడు వెటకారంగా.

“చూశాం. మీ బావమరిదే. బావ సీటు నేనెక్కనని ఒకటే గొడవ. బతిమాలి ఎక్కించాం.” డాక్టరు కిటికీ వైపు చెయ్యి చూపించాడు.

బయట కూలీల తలల మీదుగా వెళ్తున్న కంటైనరు గాల్లో టక్కున ఆగింది. ఆపరేటరు కుర్చీ తన్నేసి తలుపువైపు పరిగెత్తాడు.

ఆ పెసరగింజ తను తుడిచిపెట్టిన రోజు నుంచీ ఉన్నది బావమరిది హెల్మెట్‌లో.